గుడ్డిగాడిద సందు

మా బూన్ లే ఫ్లాట్‌కి ఎవరొచ్చినా కాఫీతో పాటు బ్రూజ్ కూడా తాగి వెళ్లాల్సిందే. బ్రూజ్ అంటే బెల్జియంలో ఒక పాతకాలపు ఊరు. పదహారేళ్ల కిందట, జురాంగ్ ఐలాండ్‌లో రసాయన కర్మాగారంలో పనిచేసే మా ఆయన కేశవరావుగారిని కంపెనీ ఆరు నెలల శిక్షణకి ఆంట్‌వెర్ప్ పంపింది. ఆదివారం వస్తే చాలు, ఈయన రైలెక్కి బ్రూజ్ వెళ్లిపోయేవారు. ఆరు నెలలకి ఇరవై ఆరు ఆదివారాలు. ఆ ఇరవై ఆరింటినీ పదహారేళ్లుగా అరగదీస్తూనే ఉన్నారు.

నేను వంటింట్లో పెసరట్లు తిరగేస్తూ వినేదాన్ని. వినడమంటే ఏముంది, చెవులున్నాయి కాబట్టి పడేవి. గంట స్తంభం, కాలవలు, హంసలు. మార్తా అనే ముసలావిడ దుకాణం, ఆవిడ చేసే బఠాణీ సూప్, అందులో ఈయన కారప్పొడి చల్లుకుంటే ఆవిడ తిట్టిన తిట్లు. మన సరుకులు దొరికే లిటిల్ ఇండియాలో గోంగూర కట్ట చేత్తో పట్టుకుని కూడా ఎవరో ఒకరికి బ్రూజ్ చూపించేస్తుండేవారు. మా అమ్మాయి నందిత అయితే "డాడీ, నాట్ అగైన్ లా!" అని గదిలోకి పోయి తలుపేసుకునేది. నాకా సదుపాయం లేదు.

చివరికి మా పై అంతస్తు సుధాకరరావుగారికి విసుగొచ్చింది. "అంత తెలిసిన ఊరైతే ఓసారి చూపించండి, చూద్దాం," అన్నారు. అలా ఈ మే నెలలో మేమిద్దరం, ఆయనా, ఆయన భార్య హైమవతీ కలిసి యూరప్ టూర్‌కి బయల్దేరాం. బ్రూజ్‌కి ఒక్కటే రోజు.

విమానంలోనే పందెం పడింది. ఫోన్ తియ్యకూడదు. ఊళ్లోవాళ్లని అడక్కూడదు. సాయంత్రం నాలుగింటికి బస్సు కదిలేలోగా మా ఆయన మమ్మల్ని తీసుకెళ్లి మార్తా దుకాణం నీలం తలుపు ముందు నిలబెట్టాలి.

"నిలబెట్టలేకపోతే?" అన్నారు మా ఆయన మీసం దువ్వుకుంటూ.

"జన్మలో బ్రూజ్ పేరెత్తకూడదు," అన్నారు సుధాకరరావుగారు.

నిజం చెప్పొద్దూ, మా ఆయన ఓడిపోవాలని ఆ క్షణమే ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. తలనీలాల దాకా పోలేదు గానీ, కొబ్బరికాయ మాత్రం గట్టిగానే అనుకున్నాను.

బ్రూజ్‌లో గంట స్తంభం ముందుకి చేరగానే హైమవతి ఒక బెంచీ మీద టిష్యూ పాకెట్ పెట్టేసింది. మా ఇంటి దగ్గరి తిండికొట్ల హాకర్ సెంటర్‌లో ఇలాగే టిష్యూ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే చోటు పట్టుకుని, అలవాటైపోయిన చెయ్యి. రెండు నిమిషాల్లో ఒక పెద్దమనిషి వచ్చి, ఆ పాకెట్‌లోంచి ఒక టిష్యూ తీసుకుని ముక్కు తుడుచుకుని, మాకు థాంక్స్ చెప్పి, హాయిగా అక్కడే కూర్చున్నాడు.

"రండి, ఇటే," అని మా ఆయన దారి తీశారు. అరగంట నడిస్తే మళ్లీ గంట స్తంభం దగ్గరే తేలాం. "ఊరు చుట్టి చూపించానన్నమాట," అన్నారు. రెండోసారి ఇంకో వీధి పట్టుకున్నాం. మళ్లీ అదే స్తంభం. మూడోసారి వచ్చేసరికి టిష్యూ పెద్దమనిషి మాకు చెయ్యి ఊపాడు.

మూడు దాటింది. సుధాకరరావుగారు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. మా ఆయన టోపీ తీశారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. ఏ వీధి వంక చూసినా కొత్త మనిషిలా చూస్తున్నారు. అరవై ఆరేళ్ల మనిషి, నలుగురిలో పద్యం మరిచిపోయిన పిల్లాడిలా బెదిరిపోయి నిలబడ్డారు.

నాకు కావలసింది అదే కదా! ఇంకో గంట నోరు మూసుకుంటే జీవితాంతం ప్రశాంతత. మూసుకుందామనే అనుకున్నాను. ఆ మొహం చూశాక నా వల్ల కాలేదు.

"ఏమండీ, ముందు పక్కనున్న చిన్న చౌరస్తాలోకి వెళ్లాలిగా? అక్కడ టౌన్ హాలు పక్కన కమాను, దాని కింద గుడ్డిగాడిద సందు."

ఆ సందు పేరు నిజంగా అదే. మా ఆయనే దాన్ని తెలుగు చేసి, వచ్చినవాళ్లందరినీ నవ్వించేవారు.

"ఆఁ, ఆఁ, అదే చెప్పబోతున్నా," అన్నారు.

ఎప్పుడూ ఆయన వెనక నడిచేదాన్ని, ఆ రోజు అరడుగు ముందు నడిచాను. కమాను కనబడింది. సందు దాటితే వంతెన రావాలి, వచ్చింది. ఎదురుగా రాతి స్తంభాల చేపల మార్కెట్ ఉండాలి, ఉంది. నేనెన్నడూ చూడని ఊళ్లో, నా కాళ్లు అడక్కుండానే దారి తీస్తున్నాయి.

"ఇక్కణ్ణుంచి కుడికి. స్తంభం మీద రెండు సింహాలుంటాయి. అవి దాటాక మూడో సందు," అన్నాను.

సుధాకరరావుగారు అనుమానంగా నా చేతుల్లోకి తొంగి చూశారు. "అక్కయ్యగారూ, ఫోన్ గానీ..."

"నా చేతుల్లో ఉన్నది మీ ఆవిడ గొడుగండీ. ఫోన్ వద్దన్నారు, ఊళ్లోవాళ్లని వద్దన్నారు. పెళ్లాన్ని వద్దనలేదుగా?"

మూడో సందులో నీలం తలుపు ఉంది. మార్తా లేదు, సూప్ లేదు. లోపల ఎవరో కుర్రవాళ్లు సైకిళ్లు అద్దెకిస్తున్నారు. మా ఆయన ఆ తలుపు మీద చెయ్యి వేసి నిమిరారు. సుధాకరరావుగారు మర్యాదస్తుడే, ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, "ఒప్పుకున్నాం," అన్నారు. మా ఆయన గెలిచారు. నా కొబ్బరికాయ మిగిలింది.

బస్సు కదిలాక కూడా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఊరు దాటాక, "నీకిదంతా ఎలా తెలుసు, కమలా?" అన్నారు.

"మీరున్నది ఆర్నెల్లు. నేను పదహారేళ్లుగా ఈ ఊళ్లోనే కాపురం చేస్తున్నాను కదండీ."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు వింటున్నావని నాకు తెలీదు. పందెం నేను ఓడిపోయాను, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంక ఆ మాట ఎత్తనులే," అన్నారు.

కోరిన వరం చేతికొచ్చింది, ఎగిరి గంతెయ్యాలి. కానీ ఈయన గొంతు వినబడని మా ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్లకి కట్టింది. నాకు భయమేసింది.

"బాగానే ఉంది వరస! వానలో రైలు తప్పిపోయిన ఆదివారం ఏమైందో ఇంతవరకూ పూర్తిగా చెప్పనే లేదు. మీరు కథలో అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు కాఫీ ముగించి లేచిపోయేవాళ్లు. మరి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

ఆయన నా వైపు తిరిగారు. "అది చాలా పెద్ద కథ," అన్నారు.

"బ్రస్సెల్స్ ఇంకా గంటన్నర. చెప్పండి."

ముందు సీట్లో సుధాకరరావుగారు చిన్నగా మూలిగారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని, సర్దుకు కూర్చున్నాను.