ఎడమ అరలోని పిన్నులు

కళ్ళు బాగానే చూశాయి. తప్పు చేసింది నా చెయ్యి.

పోటీలున్న రోజుల్లో లేత్ మిషన్ పని పక్కనపెట్టి స్టేడియంకి వెళ్తాను. పరుగుకి ముందు ఆటగాళ్ళని కూర్చోబెట్టే గదిలో కాలు జారకుండా వాళ్ళ బూట్ల కింద బిగించుకునే మొనల పిన్నులు కొలవడం నా పని. ఆ ట్రాక్ మీద ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. కొలవడానికి అంతే లోతు గుంత ఉన్న ఇనుప బిళ్ళ ఒకటి నేనే లేత్ మీద చేసి పెట్టుకున్నాను. పిన్ను అందులో మునిగితే సరే, పైకి తేలితే పీకాల్సిందే.

ఆ రోజు ఆడపిల్లల ఐదువేల మీటర్లు. మొదటి ఇద్దరే ఫైనల్‌కి. మా అక్క కూతురూ పరిగెడుతోంది. చిన్నప్పుడు గడపలన్నీ గెంతుకుంటూ తిరిగేది, అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని మిడత అంటాం.

దాని బూట్లు చూసి పంపాక ఒక పొడుగమ్మాయి వచ్చింది. పిన్నులు బిళ్ళలో మునగలేదు.

"ఇవి తొమ్మిదమ్మా. మట్టిలో పెట్టుకునేవి."

"మాది మట్టి గ్రౌండే సార్. వేరేవి లేవు. మీ దగ్గరుంటే ఇప్పించరూ?"

నా డబ్బాలో రెండు అరలు. కుడివైపు కొత్త పిన్నులు, మొన మీద వేలు పెడితే చురుక్కుమంటాయి. ఎడమవైపు అరిగిపోయి సుద్దముక్కల్లా మొండిబారినవి, పారేద్దామని ఉంచినవి. బయట తుంపర పడుతోంది. బల్ల మీది జాబితాలో ఆ పిల్ల టైము మా మిడత టైము కన్నా మూడు సెకన్లు మెరుగు.

చెయ్యి ఎడమ అరలోకి వెళ్ళింది.

నేనే బిగించి ఇచ్చాను. బూటు అరచేతిలో పెట్టుకుంటే రెండు గుడ్ల బరువు ఉంటుందేమో. వంద మీటర్ల వాళ్ళ బూటు పలకలా బిర్రబిగుసుకుని ఉంటుంది. ఇది వంచితే వంగుతుంది, మడమ కింద మెత్తటి అట్ట ఉంటుంది. పన్నెండున్నర రౌండ్లు కాలు బతకాలి కదా! మడమకి పిన్నులుండవు. నేలని పట్టేవి ఒక్కో బూటుకీ ముందున్న ఆ ఆరే. ఆ ఆరింటికీ నేను పళ్ళూడగొట్టాను.

"మీ మేలు మర్చిపోను సార్," అంది ఆ పిల్ల.

గుమ్మం దగ్గర నిలబడి పరుగు చూశాను. తడి ట్రాక్ మీద ఆనినప్పుడల్లా ఆ పిల్ల పాదం ఒక వెంట్రుకవాసి వెనక్కి జారుతోంది. చూసేవాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. ఒక్కో అంగకి పావంగుళం పోయినా మూడువేల అంగలకి ఇరవై గజాలు. ఓడిపోయింది రెండు గజాలతో. రెండోది మిడత, మూడోది ఆ పిల్ల.

మిడత వచ్చి నా మెడ పట్టుకుని ఊగిపోయింది. "చూశావా మామయ్యా? నా జన్మలో ఇంత వేగంగా పరిగెత్తలేదు! ముసలి మిడతా అని ఏడిపించావుగా, ఇప్పుడను!"

నవ్వాననుకుంటాను. ఇంతలో పొడుగమ్మాయి పన్నెండు పిన్నులూ తుడిచి, కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. "లెక్క చూసుకోండి సార్. చివర్లో కాళ్ళలో పస లేకపోయింది, మీ పిన్నుల తప్పేం లేదు."

ఆ పొట్లం డబ్బాలో పెట్టలేక జేబులో వేసుకున్నాను.

తిన్నగా రిఫరీ దగ్గరికి పోయాను. ఆయన రిటైరైన డ్రిల్లు మేష్టారు. అంతా విని కళ్ళజోడు తీసేశారు. "మొండి పిన్నులిచ్చినవాడికి శిక్ష ఏ రూల్లోనూ లేదయ్యా. ఆ పిల్ల ఫిర్యాదు రాసిస్తే ఫైనల్లోకి అదనంగా తీసుకోగలను. ఫలితం చదివిన అరగంటలోపే. పన్నెండు నిమిషాలు అయిపోయాయి."

"మీరే పిలిచి చెబితే..."

"చేసింది నువ్వు. చెప్పేది నేనా?"

ఆ పిల్ల కుళాయి కింద పాదాలు కడుక్కుంటోంది. మొండి పిన్నులిచ్చానని, ఫిర్యాదు రాస్తే ఫైనల్లోకి తీసుకుంటారని చెప్పాను. కుళాయి కట్టేయకుండానే నావైపు తిరిగింది.

"చూసుకోక ఇచ్చారు కదా సార్?"

అంత సులువైన దారి నాకు ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. అవునంటే చాలు.

"కాదమ్మా. చూసే ఇచ్చాను. రెండో స్థానంలో వచ్చింది నా మేనకోడలు."

ఆ పిల్ల కుళాయి కట్టేసింది. తిట్టలేదు. "ఎక్కడ రాయాలి?" అంది, అంతే.

సాక్షిగా నేను సంతకం చేస్తుంటే మిడత మేష్టారి గదిలోకి వచ్చింది. కాగితం చదివింది, రెండోసారి చదివింది. మేష్టారు సర్దిచెప్పబోయారు. "నీ స్థానం ఎక్కడికీ పోదమ్మా. ఫైనల్లో ఇంకొకరు పరిగెడతారు, అంతే."

మిడత ఆయన వైపు చూడలేదు. "మామయ్యా, నేను రెండోదాన్ని ఎవరి వల్ల అయ్యాను?"

"నీ కాళ్ళ వల్లే."

"అది నీకెలా తెలుసు?"

దాని జన్మలోకల్లా మంచి పరుగుని నేనే అనుమానంలో పడేశాను.

"ఎల్లుండి ఫైనల్‌కి నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చోకు. అసలు స్టేడియంకే రాకు," అంది. "అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

గది తాళాలు మేష్టారి చేతిలో పెట్టి, తడుస్తూనే అక్క ఇంటికి నడిచాను. నేను తలుపు తట్టకముందే అక్క తీసింది. మొహం నిండా నవ్వు.

"ఏరా, మన మిడత ఫైనల్‌కి వెళ్ళిందటగా! తల తుడుచుకుని కూర్చో. మొదటినుంచీ చెప్పు, ఒక్క ముక్క వదలకుండా నీ నోటితో వినాలి."