ఓబులేసు మాత్రలు

రాతి అమ్మవారి చెంప మీద నీళ్లు చల్లి, గరుకు కాగితంతో రుద్దుతోంది రామలక్ష్మమ్మ. ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డులో విగ్రహాలకు నునుపు పెట్టడం ఆమె పని. పొద్దున్నే చేతులు వణికితే కొంగుచాటున సారా బుడ్డీ తీసి రెండు గుక్కలు మింగుతుంది. అప్పుడు వేళ్లు మాట వింటాయి. ముఖం ఉబ్బి, కళ్లు పచ్చబడ్డాయి. రాతిపొడి పడిందని అందరికీ చెబుతుంది.

మధ్యాహ్నం, పంటినొప్పని మేస్త్రీకి చెప్పి నంద్యాల బస్సెక్కింది.

తాగుడు మాన్పించే అక్కడి ఆస్పత్రికి మొదట్లో మొగుడు ఓబులేసును తీసుకుపోయేది. అతను పోయాక, ఆ సంగతి చెబుదామని వెళ్లి, చెప్పలేక అతని పేరున మాత్రలు తెచ్చుకుంది. అవి మింగిన రోజుల్లో వణుకు తగ్గేది. ఆ వార్డులో ఆడమనిషికి మంచం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నిద్ర పోతాండాడా?" అని నర్సు సౌజన్య అడిగేది.

"యాడ మా! గోడ మీద ఎవరో నడుస్తాండారంటాడు."

ఆ నడిచేవాళ్లను చూసేది రామలక్ష్మమ్మే. రెండేళ్లుగా ఇట్లా చెప్పీ చెప్పీ, ఇంటికి వస్తే ఓబులేసు మూలన కూర్చుని దగ్గుతున్నట్టే ఉండేది. ఒక్కోనాడు మరిచిపోయి రెండు తట్టల్లో అన్నం పెట్టేది.

ఈసారి సౌజన్య మాత్రలు ఇవ్వలేదు. "మనిషే వచ్చి వేలిముద్ర ఏయాలంట పెద్దమ్మా. కొత్త రూలు. ఆయన్ను పిల్చకరా."

"ఆయన రాల్యాడు మా."

"ఏం?"

"పోయినాడు."

సౌజన్య తలెత్తింది. "మరి మాత్రలు ఎవరు మింగుతాండారు?"

రామలక్ష్మమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వాటి వణుకుకు బల్ల మీది గ్లాసులో నీళ్లు కదిలాయి.

సౌజన్య గ్లాసు పక్కకు జరిపింది. "పెద్ద డాక్టరు రేపొస్తాడు. మూల మంచానికి తెర కట్టిస్తా. నీ పేరుతోనే చేర్పిస్తా. బేగా రా."

"నా పేరుతోనా?"

"నీ పేరుతోనే."

ఆళ్లగడ్డలో బస్సు దిగి, రోజూ ఆగే దుకాణం ముందు ఆగకుండా నడిచింది. రేపు నోరు వాసన రాకూడదు. బుడ్డీలో మిగిలింది కాలవలో పారబోసింది. అంతగా అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా మానడం ప్రాణాంతకమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దీపాలు పెట్టే వేళకు ఒళ్లంతా చెమట. గోడ మీద నడిచేవాళ్లు ఇంట్లోకి దిగారు. వాళ్ల వెనకే ఓబులేసు వచ్చి మూలన కూర్చున్నాడు.

"రేపు నేనే పోతాండా," అందామె. "నా పేరు రాస్తారంట."

అతను తలూపాడు. అంతలో ఫిట్స్ వచ్చి ఆమె నేల మీద పడిపోయింది.

తెల్లారి పక్కింటి యశోదమ్మ తలుపు తోసేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. అదే వేళకు నంద్యాలలో సౌజన్య స్టూలెక్కి మూల మంచానికి ఆకుపచ్చ తెర కడుతోంది.

గడప పక్కన గుడ్డసంచి తయారుగా ఉంది. మడతపెట్టిన చీర, దువ్వెన, వాటి మీద కాగితమైనా విప్పని కొత్త సబ్బుబిళ్ల.