సింకు దగ్గర మనిషి

“ట్రే కింద పడలేదు కదా?” అన్నాడు పళ్ళ డాక్టరు, పక్క గదిలోంచి తల కూడా ఎత్తకుండా.

ట్రేకేం, నిక్షేపంగా ఉంది. సింకు దగ్గర పరికరాలు తోముతున్న అతని భార్య బొటనవేల్లోకి గార గీకే కొక్కెం దిగింది, అంతే. సన్నటి గ్లవ్ చిరిగి నెత్తురు చుక్క ఉబ్బింది. మందపాటి గ్లవ్స్ లేక కాదు. అవి కాంపౌండరు కోసం తెచ్చిన మగవాళ్ళ కొలతవి. ఆవిడ తొడుక్కుంటే వేళ్ళ చివర్లు ఖాళీగా వేలాడతాయి. సబ్బుతో వేలు కడుక్కుని, ఇవి ఇందాకటి పెద్దాయనకు వాడినవి, ఆయన లివరుకు మందులు వాడుతున్నానని చెప్పాడు అంది. లేనిపోనివి ఊహించుకోకు, అదే ఆగుతుందిలే అన్నాడు డాక్టరు.

ఆరేళ్ళ కిందట పనిచేసే అమ్మాయి మానేస్తే, కొత్త మనిషి దొరికేదాకా రెండ్రోజులు చూడమన్నాడు. ఆ రెండ్రోజులూ ఇంకా గడవలేదు. మనుషులు దొరికారు, జీతాలు తీసుకున్నారు, మానేశారు; సింకు మాత్రం ఆవిడకే ఉండిపోయింది. పొద్దున్నే మేడ మీద వంట, పిల్లాడి స్నానం, అత్తగారి మందులు. ఆ చేయి ఆరకముందే కిందికి దిగి ఉమ్మి తొట్లు కడగడం, నెత్తుటి దూది ఎత్తడం. ఎవరైనా అడిగితే, “మా ఆవిడండీ, ఊరికే సాయం చేస్తుంటుంది” అంటాడు. ఊరికేనట! అన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. మండినా నవ్వేది. ఆ నవ్వు కూడా క్లినిక్కు పనుల్లో ఒకటి.

మధ్యాహ్నం సిస్టరు ఐసు డబ్బా పట్టుకుని వచ్చింది. హెపటైటిస్ బి టీకాలు, అత్తగారికీ కొత్తగా చేరిన కాంపౌండరుకూ. కాంపౌండరు ఆ రోజు సెలవు పెట్టాడు. అత్తగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది కాబట్టి, ఆవిడకు మామూలు వాళ్ళకు వేసేదానికి రెట్టింపు మందు. అందరికీ ఒకటేసి నాకు రెండా అని అత్తగారు దిగులుపడితే, “కిడ్నీ జబ్బున్న ఒళ్ళు ఒకసారి చెప్తే వినదు పెద్దమ్మా, గట్టిగా చెప్పాలి” అంది సిస్టరు. ఒళ్ళొక్కటేనా అనుకుంది కోడలు, నవ్వు బిగబట్టుకుని.

సిస్టరు చెప్పుకుపోతూనే ఉంది. పసివాళ్ళకు పుట్టిన రోజే సగం మోతాదు. పెద్దవాళ్ళకు నిండు మోతాదు, ఆరు నెలల్లో మూడుసార్లు. నెత్తురు ముట్టుకునే పనివాళ్ళకైతే తప్పనిసరి, చివర్లో పట్టిందో లేదో పరీక్ష కూడా. వింటూ కోడలు ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. పిల్లాడికి పుట్టగానే వేశారు. మొగుడికి కాలేజీలోనే మూడూ అయ్యాయి, బాగా పట్టిందని పరీక్షలో తేలింది. అత్తగారికి రెట్టింపు. నిన్నగాక మొన్న చేరిన కాంపౌండరుకు కూడా అడగకుండానే తెప్పించారు. పాలిచ్చేదీ తనే, మందులిచ్చేదీ తనే, నెత్తురు కడిగేదీ తనే. తనకు మాత్రం లేదు. ఒకసారి అడిగింది కూడా. ఇంట్లో ఉండేదానివి నీకెందుకే అన్నాడు.

మిగిలిన మందు ఏం చేయమంటారని సిస్టరు అడిగితే, ఫ్రిజ్‌లో పెట్టండి, కాంపౌండరు రేపొస్తాడు అన్నాడు డాక్టరు.

ఆవిడ వెళ్ళి పేషెంట్ల కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. “అది నాకు వేయండి సిస్టర్” అని బొటనవేలు చూపించి, పొద్దున జరిగింది చెప్పింది.

సిస్టరు మొహం మారిపోయింది. టీకా ఇప్పుడే మొదలుపెట్టాలంది. ఆ పెద్దాయన రక్తం పరీక్ష చేయించాలి, ఆయనకు బి గనక ఉంటే ఈవిడకు ఇంకో ఇంజెక్షను కూడా పడాలి, ఆలస్యం పనికిరాదు అంది.

“పేషెంటుకు ఫోన్ చేసి ఏమని అడుగుతాం? క్లినిక్కు పరువేం కావాలి?” అన్నాడు డాక్టరు.

“నేను అడుగుతాను. మీ పరువు కన్నా నా లివరు నాకు ముద్దు.”

సిస్టరు సూది పొడుస్తూ, ఇంటి మనిషి అని రాసుకోనా, స్టాఫ్ అనా అంది. మా ఆవిడండీ అని డాక్టరు అంటుండగానే, “స్టాఫ్” అంది ఆవిడ.

ఫోన్ చేస్తే ఆ పెద్దాయన పరువు మాటే ఎత్తలేదు. గంటలో వచ్చి రక్తం ఇస్తానమ్మా, భయపడకు అన్నాడు. భయం ఉంది. ఎందుకుండదు? పాలు తాగే పిల్లాడున్నాడు, ఫలితం ఏం వస్తుందో తెలీదు. కానీ ఇన్నాళ్ళు నవ్వుతూ తిరిగిన దానికంటే ఈ భయమే నయమనిపించింది.

బయట బెంచీ మీద పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. సింకులో ట్రే అలాగే ఉంది.

“అయిందిగా, ఇక ఆ ట్రే సంగతి చూడు” అన్నాడు డాక్టరు.

ఆవిడ జాకెట్టు చెయ్యి దించుకుని, మేకుకు తగిలించి ఉన్న మందపాటి గ్లవ్స్ తీసింది.

“నాకింకా రెండు డోసులున్నాయి, ఆరు నెలలు పడుతుందట. మీకు మూడూ అయ్యాయిగా” అంటూ వాటిని అతని చేతిలో పెట్టింది. “మీరు తోమండి. కొలత కూడా మీకే సరిపోతుంది.”