గంటగోపురంలో గాజుపలక

శనివారం పదకొండింటికి మోర్లీ టన్‌గేట్ మనవరాలి పెళ్లి. అరగంట ముందే గంటలు మొదలయ్యాయి. చర్చి బాగోగులు చూసే హెస్టర్ పాస్క్ అప్పటికి గోపురం మధ్య అంతస్తులో, ఆగిపోయిన గడియారానికి కీ ఇస్తోంది. తల మీద ఆరు గంటలూ ఊగుతుంటే పాదాల కింద చెక్కలు అదిరాయి. ఆరువందల ఏళ్ల గోపురం, ఆమాత్రం అదురుతుందిలే అనుకుంది.

అంతలో గోడవైపు చూసింది.

రెండేళ్ల కిందట మేస్త్రీ గోడ పగులుకి అడ్డంగా అతికించిన గాజుపలక రెండు ముక్కలైంది. "ఇది విరిగిందంటే గోడ కదిలినట్టే. క్షణం కూడా లోపల ఉండొద్దు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడతను. గంట మోగినప్పుడల్లా ఆ ముక్కలు దగ్గరై, మళ్లీ విడిపోతున్నాయి. పగుల్లోంచి ఇసుక రాలి ఆమె భుజం మీద పడింది.

హెస్టర్ మెలికల మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగింది. గోడ పట్టుకోవాలన్నా భయమే.

కింద గదిలో ఆరుగురు తాళ్లు లాగుతున్నారు.

"ఆపండి! గాజు విరిగింది!"

డెబ్బై దాటిన మోర్లీ తాడు వదల్లేదు. "ఏంటమ్మా హెస్టర్, దెయ్యం కనబడిందా? పోయినేడు గబ్బిలాన్ని చూసి ఇలాగే కేకలేశావు."

"గబ్బిలం కాదండీ, గోడ కదుల్తోంది!"

"మా తాత నాటి పగులది. పోయి టీ తాగు."

అందరూ నవ్వారు. తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉంది. పారిపోదామనుకుంది గానీ, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"మీరు ఆపేదాకా నేను కదలను. కూలితే మీతోపాటే పోతాను. మీ పిల్ల ఈ వాకిట్లోంచేగా వస్తుంది, మోర్లీ గారూ!"

ఆమె ఏడుపు చూసి మోర్లీ తాళ్లు ఆపించాడు. గంటలు ఆగాయి. పైన మాత్రం రాయి రాయీ ఒరుసుకుంటున్న చప్పుడు ఆగలేదు.

"బయటికి పదండ్రా!" మోర్లీ హెస్టర్‌ని రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. తెల్లగౌనుతో గేటు దాటుతున్న మనవరాలికి చేతులడ్డం పెట్టి, "రావద్దే తల్లీ, అక్కడే ఉండు!" అని అరిచాడు. వెనక గోపురం మూల విరిగి వాకిటి కప్పు మీద పడింది. దుమ్ములో ఎవరికెవరూ కనబడలేదు. అందరూ బతికే ఉన్నారు.

ఫోన్ల మీద ఫోన్లు చేసి చర్చి పెద్దల అనుమతి తెచ్చి, సాయంత్రం పక్కూరి చర్చిలో పెళ్లి జరిపించారు. విందు ఊరి పాత ధాన్యపు కొట్టంలో. దాని నల్లటి దూలాలు చూసి హెస్టర్ గడప దాటలేకపోయింది. మోర్లీ రెండు కుర్చీలు బయటికి తెచ్చాడు.

"నువ్వు కూర్చోమ్మా. నాకూ లోపలికెళ్లాలంటే ధైర్యం చాలట్లేదు."

కేకు పళ్లెం ఆమె చేతికిచ్చి, తన కుర్చీని గోడకి ఇంకాస్త దూరం జరుపుకున్నాడు.