మేఘవీరుడు విరగ్గొట్టిన చేతులు

అక్కమ్మ గుడ్డు పగలగొట్టి, పచ్చసొనను పక్క గిన్నెలోకి జార్చి, తెల్లసొనను ఆకు పసరులో వేసి గిలకొడుతూ ఉంది. ముంజేతుల దాకా ఆకుపచ్చ జిగురు. పుత్తూరు బైపాసు పక్కన రేకుల షెడ్డు అది, ఎముకలు కట్టే చోటు. ఆదివారం కావడంతో బయట బెంచీలు అప్పుడే నిండిపోయాయి. బండి మీంచి పడినవాళ్లు, కొళాయి దగ్గర జారినవాళ్లు, ఎక్స్‌రే కవర్లతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఈ షెడ్డుకు ఆమె మొదట వచ్చింది మొగుడి కాలు కట్టించడానికి. షెడ్డు నడిపే చిన్నబ్బ కట్టిన కట్టుకు ఆ కాలు ఎంత బాగా అతుక్కుందంటే, దాంతోనే మొగుడు తమిళనాడు లారీ ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. అక్కమ్మ ఇక్కడే పనికి కుదిరింది.

పసరు నూరడం, వెదురు బద్దలు చీల్చడం, గుడ్డలు చింపడం ఎవరైనా చేస్తారు. ఆమె అసలు పని పిల్లల్ని పట్టుకోవడం. విరిగిన చేతిని చిన్నబ్బ లాగే ఆ ఒక్క క్షణం పిల్లవాడు కదలకూడదు. కదిలితే ఎముక వంకరగా కూర్చుంటుంది, జన్మంతా అంతే. అందుకే అక్కమ్మ వాణ్ణి ఒళ్లోకి అదుముకుని చెవిలో అడిగేది.

"ఎట్ట పడితివి నాయనా? చెప్పు, తర్వాత ఏమైంది?"

ఒక కాలంలో అందరిదీ ఒకటే జవాబు. మేఘవీరుడు!

ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చేవాడు. వీపున నీలం దుప్పటి ఎగురుతుండగా మబ్బుల్లోంచి దిగేవాడు. సీరియల్ అయిపోయిన కాసేపటికే నగరి నుంచి, కార్వేటినగరం నుంచి ఆటోలు వచ్చి ఆగేవి. మెడకు అమ్మ చీర కట్టుకుని గోడల మీంచి, గడ్డివాముల మీంచి దూకిన పిల్లలు ఏడుస్తూ దిగేవాళ్లు.

ఆ సీరియల్ అక్కమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది? ఆ పూట ఆమెకు చేతినిండా పని పెట్టేవాడే ఆ మేఘవీరుడు. అయినా కథలన్నీ తెలుసు. మొసలి తలకాయ రాక్షసుణ్ణి ఎలా కొట్టాడో, రైలును భుజంతో ఎలా ఆపాడో, పిల్లలే ఎక్కిళ్ల మధ్య చెప్పేవాళ్లు. కథ మంచి పట్టులో ఉండగా చిన్నబ్బ చెయ్యి లాగేవాడు. కెవ్వుమని అరుపు. కథ అక్కడ తెగిపోయేది. ఏ రాక్షసుడు చచ్చాడో, ఏ రాక్షసుడు తప్పించుకున్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తిట్టుకునేది మేఘవీరుణ్ణి. తిట్టుకుంటూనే, ఇంతమంది పిల్లలు నమ్మినవాడు మామూలోడు కాదులే అనుకునేది. ఆమె మనసులో మేఘవీరుడు కొండంత మనిషి.

ఎండ రేకుల మీదికి ఎక్కేసరికి తిరుపతి నుంచి తెల్ల కారు వచ్చి ఆగింది.

దిగినవాడికి నలభై ఉంటాయి. పేరు హరినాథ్. టీషర్టు మీద నీలం దుప్పటి మనిషి బొమ్మ. చేతిలో ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకుని దానితోనే మాట్లాడుతున్నాడు.

"ఫ్రెండ్స్, ఇదే ఆ షెడ్డు! చిన్నప్పుడు మేఘవీరుడి మాదిరి దూకి నేను కట్టు కట్టించుకునింది ఈడే. ఇప్పుడు మా పాప వంతు!"

వెనక సీట్లో అతని కూతురు రూపశ్రీ. ఎనిమిదేళ్లుంటాయి. ఎడమ చెయ్యి నీలం చున్నీతో మెడకు వేలాడుతోంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఫోను తర్వాత పట్టుకుందువు. బిడ్డను లోపలికి తీసుకురాప్పా," అంది అక్కమ్మ.

"అవ్వా! నువ్వే గదా ఆ పొద్దు నన్ను పట్టుకునింది! గుర్తుండానా?"

"చేతులైతే గుర్తుంటాయి. మొగాలు గుర్తుండవు."

హరినాథ్ పగలబడి నవ్వాడు. "ఆ రోజులే వేరు అవ్వా! ఇప్పటి పిల్లోళ్లకు ఏముండాది? మేం దూకినాం, పడినాం, లేసినాం. మా మేఘవీరుడి గ్రూపులో వేలమంది ఉండారు. సగం మందికి ఏదో ఒక చెయ్యి విరిగిందే!"

అక్కమ్మకు నవ్వు రాలేదు. సత్యవేడు వైపు నుంచి వచ్చిన పిల్లవాడొకడు మోచెయ్యి మళ్లీ చాపలేకపోయాడు. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేక ఏడ్చేవాడు. వాడున్నాడా ఆ గ్రూపులో? పడి లేవనివాళ్లను ఎవరు చేర్చుకున్నారు?

ఇంతలో చిన్నబ్బ మనవడు మునిప్రసాద్ వచ్చాడు. తాత పోయాక షెడ్డు అతనిదే. వీడియో అనగానే ముఖం వెలిగింది.

"అన్నా, మన షెడ్డు పేరు గట్టిగా చెప్పన్నా. అత్తా, నువ్వు లెయ్. పాపకు ఫోన్లో మేఘవీరుణ్ణి పెడతాం. సూస్తా ఉంటే నొప్పే తెలీదు."

"మరి పట్టుకునేది?"

"ఇంక పట్టుకునేదెందుకు అత్తా? రేపట్నుంచి అందరికీ ఇట్లే."

ఎంత తేలిగ్గా అనేశాడు! అప్పటికే మునిప్రసాద్ తన ఫోనును పాప ఎదుట డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. టింగుమని పాట మొదలైంది. అక్కమ్మ వంగి చూసింది.

బక్క కాళ్లు, చిన్న బొజ్జ. వెనక మబ్బులు గుడ్డ మీద రంగుతో వేసినవి. నడుముకు కట్టిన తాడు కూడా కనిపిస్తోంది.

"వీడా?" అనేసింది పైకే. "తాడుకు యాలాడే వీని కోసమా మీరంతా దూకింది?"

"అప్పుడు మాకు తాడు కనపడలేదవ్వా," అన్నాడు హరినాథ్.

"వానికైనా తాడుండాది. మీకు అదీ లేకపాయె గదప్పా!"

మునిప్రసాద్ చెయ్యి తాకగానే పాప గింజుకుంది. ఫోను వైపు చూడలేదు, తల తిప్పేసుకుంది. ఇంకోసారి తాకాడు. ఇంకా గట్టిగా గింజుకుంది.

అక్కమ్మ ఎవరినీ అడగలేదు. ఫోనును బోర్లా పడేసి, పాప వెనక చేరి ఒళ్లోకి తీసుకుంది. చెమటపట్టిన తల ఆమె గుండెకు ఆనింది.

"ఎట్ట పడితివి తల్లీ? చెప్పు, తర్వాత ఏమైంది?"

"నాయన చున్నీ కట్టినాడు. మిద్దె మెట్ల గోడ ఎక్కించినాడు."

"ఊ..."

"భయమేసింది. దిగేస్తానంటి. దూకు, నేను పట్టుకుంటానని చెప్పినాడు."

"తర్వాత?"

"దూకినా. నాయన చేతిలో ఫోనుండాది. పట్టుకోలే."

మునిప్రసాద్ లాగాడు. షెడ్డు అదిరేలా అరిచింది పాప. కానీ కదల్లేదు. ఎముక తన చోట్లో కూర్చుంది.

బయట బెంచీల మీదివాళ్లు లోపలికి తొంగిచూశారు. హరినాథ్ ఫోను దించాడు. ముఖంలో నెత్తురు లేదు.

"మొదటిసారి పట్టుకుంటి అవ్వా. వీడియో సరిగా రాలేదని... ఇంకోసారి దూకమంటి..."

"ఏమబ్బా!" అక్కమ్మ గొంతు రేకులకు తగిలింది. "ఎంతమంది పిల్లోళ్లు నాకు వాని కథలు చెప్పినారో! పడేవాళ్లను వాడు వదిలేసినాడని ఒక్కడన్నా చెప్పలేదే. పట్టుకునేదే గదా వాని పని? ఇన్నేండ్లు నువ్వు సూసిందేమి? దుప్పటా?"

కట్టు పూర్తయ్యేదాకా హరినాథ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాపను కారులో కూర్చోబెట్టుకుని, వీడియో మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

మునిప్రసాద్ పళ్లు కొరికాడు. "నాలుగూళ్లకు మన పేరు తెలిసేది అత్తా! అంతా చెడగొట్టినావు. ఇంక నువ్వు ఇంటికాడ ఉండు. రావద్దు."

"మీ తాత అయితే ఆ ఫోనును ముందు రోడ్డు మీదికి ఇసిరేసుండేవాడు," అంది అక్కమ్మ.

"తాత లేడు."

"ఔ. లేడు."

అక్కమ్మ కొళాయి కింద చేతులు కడుక్కుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు వేసుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్లి నారాయణవనం ఆటో ఎక్కింది. ఎవరో "యాడికి అక్కా, ఇంత ఎండలో?" అని అడిగారు. చెయ్యి ఊపింది.

తర్వాత వచ్చింది ఆరేళ్ల పిల్లవాడు. సైకిలు మీంచి పడ్డాడు. ఎదురుగా మళ్లీ నిలబెట్టిన ఫోను ఆడుతూనే ఉంది. వాడి చేతిని మునిప్రసాద్ రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

కిటికీ గూట్లో అక్కమ్మ స్టీలు డబ్బా ఉండిపోయింది. పొద్దున కట్టుకొచ్చిన సంగటి, ఊరుబిండి పచ్చడి అందులో అలాగే ఉన్నాయి. తనదని తెలియడానికి మూత మీద అంటించుకున్న ఎర్ర బొట్టుబిళ్ల ఒక అంచు లేచి, ఫ్యాను గాలికి అల్లాడుతూ ఉంది.