తొమ్మిదిన్నర ఫోను

బడిలో హాజరు గుమాస్తావిడకి పిల్లలు పెట్టిన పేరు చుక్కల మేడం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఆ పేరు ఊరికే రాలేదు మరి. పొద్దున తొమ్మిదింటికి ప్రతి తరగతి నుంచీ రానివాళ్ల పేర్ల చీటీ ఆఫీసు గదికి వచ్చేది. అది చూసి రిజిస్టర్లో వచ్చినవాళ్లకి టిక్కు, రానివాళ్లకి ఇంటూ పెట్టాలి. పడుతూ లేస్తూ ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే పిల్లలు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల గడిలో ఆవిడ వెంటనే ఇంటూ పెట్టేది కాదు. పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఆగేది. పిల్ల వస్తే చుక్క మీద టిక్కు, రాకపోతే ఇంటూ.

తొమ్మిదిన్నర దాటితే మాత్రం చుక్కలు చెల్లవు. అప్పుడు ఇంటూ పడ్డ ప్రతి పిల్ల ఇంటికీ ఫోను చెయ్యాలి. 'మీ పాప ఇవాళ బడికి రాలేదు, మీకు తెలుసా?' అని అడగాలి. అది పెద్ద మేడం పెట్టిన రూలు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా వచ్చిన రోజునే పెట్టింది. పన్నెండేళ్లుగా ఆ ఫోను ఒక్కరోజు తప్పలేదు. అందుకే చుక్కల మేడం టిక్కు పెట్టిందంటే పిల్ల బడిలో ఉన్నట్టే అని టీచర్లందరికీ గురి.

ఆ రోజు తప్పింది.

ఆఖరి తరగతిలో పిచ్చుక అని ఒక అమ్మాయి ఉంది. బక్కపలచటి మనిషి, పైగా ఉబ్బసం. నెలకి ఆరేడు రోజులు మంచం మీదే. నూటికి డెబ్భై అయిదు రోజుల హాజరు లేనిదే పెద్ద పరీక్షకి కూర్చోనివ్వరు. పిచ్చుక లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. ఇంకొక్క ఇంటూ పడితే ఏడాదంతా గంగలో కలిసినట్టే. పరీక్షకి వెళ్లేవాళ్ల జాబితా ఆ సాయంత్రమే మూసేస్తారు.

తొమ్మిదింటి చీటీలో పిచ్చుక పేరుంది. చుక్కల మేడం చుక్క పెట్టింది. తొమ్మిదీ పదిహేను అయింది, ఇరవై అయింది. గేటు వైపు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. తొమ్మిదిన్నర గంట మోగింది.

"వస్తుందిలే. ఇప్పటికి పదకొండుసార్లు ఇట్లాగే భయపెట్టింది, పదకొండుసార్లూ వచ్చింది" అని తనలో తాను అనుకుని, చుక్క మీద సిరాతో టిక్కు గీసేసింది. టిక్కు పడ్డాక ఫోను చేసే పనేముంది?

పదిన్నరకి ఆఫీసు కిటికీ దగ్గర పిచ్చుక తండ్రి నిలబడ్డాడు. ఆయన ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ మనిషి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. భార్య ఆసుపత్రిలో ఊడ్చే పనికి ఆరింటికే వెళ్లిపోతుంది కాబట్టి, పిల్లే తాళం వేసుకుని బడికి బయల్దేరుతుంది.

"మా అమ్మాయి ఇన్‌హేలర్ మర్చిపోయిందండీ. ఇంటికెళ్లి చూస్తే బల్ల మీదే ఉంది" అని అందించాడు. "కాస్త చేతికిచ్చేయండి. నేను పోయి పడుకుంటాను."

ఆ చిన్న నీలం డబ్బా చేతిలో పడగానే చుక్కల మేడం కుర్చీలోంచి లేచింది. "ఉండండి, ఇచ్చొస్తాను" అని మూడో అంతస్తుకి పరిగెత్తింది. కిటికీ పక్క బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది.

"సిక్ రూములో పడుకుందేమో అనుకున్నానే" అంది లెక్కల టీచరు.

సిక్ రూములో మంచం దుప్పటి మడత నలగలేదు.

కిందికి వచ్చేసరికి వరండాలో పెద్ద మేడం తండ్రితో మాట్లాడుతోంది. చుక్కల మేడం మొహం చూడగానే ఆవిడకి విషయం సగం అర్థమైంది.

"లేదా? టిక్కుందా?"

"ఉందండీ."

అంతే. ఆ ఒక్క ముక్కే అంది. మిగతాది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

పెద్ద మేడం గేటు మూయించింది. "టిక్కుందంటే పిల్ల లోపలే ఉంది. ప్రతి గదీ వెతకండి. ముందు బాత్రూములు చూడండి. ఉబ్బసం పిల్ల, ఎక్కడైనా పడిపోయి ఉంటుంది."

క్లాసు లీడర్ పిల్ల ముందుకొచ్చింది. "మేడం, పొద్దున చీటీలో తను రాలేదనే రాశానండీ."

"నీ చీటీ తొమ్మిదింటిదమ్మా, రిజిస్టరు తొమ్మిదిన్నరది. తర్వాత వచ్చి ఉంటుంది. ఆవిడ టిక్కు ఎప్పుడైనా తప్పిందా?"

ఆ మాట చుక్కల మేడానికి చెంపదెబ్బలా తగిలింది. అయినా నిజం చెప్పలేదు. చెబితే పిల్ల పరీక్ష పోతుంది కదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అది సగం నిజం. తక్కిన సగం ఆవిడ ఉద్యోగం, పన్నెండేళ్లుగా కట్టుకున్న పేరు. మనిషి మనసు అంత దొంగది. ఎంత పీకల మీదికొచ్చినా ముందు తనకో సాకు వెతుక్కుంటుంది.

ల్యాబు చూశారు, లైబ్రరీ చూశారు, సైకిళ్ల షెడ్డు చూశారు. లేదు, లేదు అంటూ ఒక్కొక్కరే వచ్చి చెబుతున్నారు. తండ్రి డాబా మీదికి పరిగెత్తాడు. వెనకాలే వీళ్లూ ఎక్కారు. అక్కడ నీళ్ల ట్యాంకు ఉంది. ఆయన ఇనుప మూత రెండు చేతులా పట్టుకున్నాడు గానీ, ఎత్తడానికి చేతులు రావడం లేదు. మూత మీద తల ఆనించి, "తల్లీ..." అన్నాడు.

ఇంక ఆవిడ వల్ల కాలేదు.

"అందులో లేదండీ! అసలు మీ అమ్మాయి బడికే రాలేదు. ఆ టిక్కు నేనే పెట్టాను. వస్తుందిలే అని పెట్టేశాను."

తండ్రి మెల్లగా తలెత్తాడు.

"రాలేదా? మరి ఫోను?"

"చెయ్యలేదు."

పెద్ద మేడం కళ్లు ఎర్రబడ్డాయి. "పావుగంట నుంచి పక్కనే ఉన్నావు కదా!" అంది. ఆ 'నువ్వు' పిలుపు పన్నెండేళ్లలో అదే మొదటిసారి. కానీ ఆవిడ తిట్టడానికి ఆగలేదు. తండ్రి వైపు తిరిగింది. "ఇల్లు తాళం వేసుందా?"

"వేసే ఉందండీ. బ్యాగూ లేదు, చెప్పులూ లేవు. అందుకే బడికి వచ్చేసిందనుకున్నా."

"దారిలో ఎక్కడైనా..."

"దారి ఎంతండీ, నడిస్తే పది నిమిషాలు. ఐదు అంతస్తులు దిగితే ఎదురుగా మెయిన్ రోడ్డే."

"దిగడం ఎట్లా దిగుతుంది?" చుక్కల మేడం గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "ఉబ్బసం పిల్ల మెట్లు దిగుతుందా?"

"లిఫ్టులోనే. ఇవాళ లిఫ్టు లేదనుకోండి, నేనూ మెట్లెక్కే వెళ్లాను. పొద్దున్నుంచీ కరెంటు లేదని వాచ్‌మన్ కింద అట్ట..." అంటూ ఆయన ఆగిపోయాడు.

పెద్ద మేడం కారులో ముగ్గురూ నాలుగు నిమిషాల్లో ఆ ఇంటి దగ్గరున్నారు. 'లిఫ్టు పనిచేయదు' అన్న అట్ట తలుపుకి వేలాడుతోంది. పొద్దున ఎనిమిదీ ఇరవైకి కరెంటు పోయిందనీ, వెంటనే అట్ట తగిలించాననీ వాచ్‌మన్ గొప్పగా చెప్పాడు. లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా అని అడిగితే మాత్రం లిఫ్టు తాళంచెవి కోసం పరిగెత్తాడు.

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుని ఉంది. తాళంచెవి తిప్పి తలుపు లాగేసరికి నడుమెత్తున లిఫ్టు నేల కనిపించింది. పిచ్చుక మూలకి ఒదిగి కూర్చుని ఉంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తల గోడకి ఆనించి ఉంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఊపిరి పీలుస్తుంటే తలుపు సందులో గాలి దూరినట్టు సన్నటి కూత. తండ్రి పైకి పాకి, చుక్కల మేడం అందించిన మందు నోట్లో పెట్టి నొక్కాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. మూడోసారికి పిల్ల ఛాతీ కదిలింది.

అప్పుడు టైము పదకొండూ పది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే మేమేం చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు డాక్టరు. బల్ల మీద కూర్చున్న పెద్ద మేడం చుక్కల మేడం వైపు తిరిగింది.

"ఆసుపత్రి కాగితం తెస్తే జబ్బు రోజులు లెక్కలోంచి కొట్టేసే రూలుంది. తెలుసు కదా మీకు?"

"తెలుసండీ."

"మరి ఏడాదంతా ఆ కాగితం ఎందుకు అడగలేదు?"

ఎందుకంటే చుక్క పెట్టడం తేలిక. కాగితం అడిగితే వాళ్లని డాక్టర్ చుట్టూ తిప్పాలి, తను నాలుగు ఫారాలు నింపాలి. చుక్క పెడితే ఎవరికీ కష్టం లేదు, పైగా పిల్లల నోట మంచి మేడం అనిపించుకోవచ్చు. పెద్ద మేడం జవాబు కోసం ఆగలేదు. "రేపు సంజాయిషీ రాసివ్వండి. బడి కమిటీ తేల్చేదాకా రిజిస్టరు మీ దగ్గరే ఉంటుంది" అని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం పిచ్చుకకి మాస్కు తీశారు. చుక్కల మేడం మంచం పక్కన నిలబడింది. క్షమించమని అడగడానికే వచ్చింది, ముందు పిల్ల దుప్పటి సర్దింది.

"మేడం, ఇవాళ నాకు ఆబ్సెంటేనా?" అంది పిచ్చుక.

"పరీక్ష గురించి బెంగ వద్దమ్మా. నీ ఆసుపత్రి కాగితాలన్నీ పెట్టించాం. జాబితాలో నీ పేరుంది."

పిల్ల నవ్వింది. "లిఫ్టు ఆగ్గానే ముందు అరిచానండీ. అరుస్తుంటే ఆయాసం ఎక్కువైంది. అందుకని మానేశా. మధ్యలో ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు కూడా వినిపించింది, అప్పుడూ అరవలేదు."

తండ్రి గోడ వైపు తిరిగిపోయాడు.

"ఎందుకమ్మా? ఒక్క కేకేస్తే పోయేది కదా?" అంది చుక్కల మేడం.

"ఊపిరి దాచుకున్నానండీ. నేను రాకపోతే తొమ్మిదిన్నరకి మీరు నాన్నకి ఫోన్ చేస్తారు కదా, ఇంకెంత, వచ్చేస్తారు అనుకున్నా. వాచీ చూసుకుంటూ కూర్చున్నా."

చుక్కల మేడం ఇంటికి పోలేదు. తిన్నగా బడికి వెళ్లి, రిజిస్టరు తీసి, ఎర్ర సిరాతో ఆ టిక్కు కొట్టేసి ఇంటూ పెట్టింది. పక్కన పొట్టి సంతకం కాకుండా, పూర్తి పేరు రాసింది. డ్రాయరులోని పెన్సిలు తీసి చెత్తబుట్టలో వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆవిడకీ తెలుసు.

మర్నాడు తొమ్మిదిన్నర గంట మోగింది. పిచ్చుక ఆసుపత్రిలో ఉందని బడిలో తెలియనివాళ్లు లేరు. అయినా ఆవిడ పిచ్చుక గడిలో ఇంటూ పెట్టి, ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. అవతల తండ్రి ఎత్తాడు.

"బడి నుంచండీ. మీ పాప ఇవాళ బడికి రాలేదు. మీకు తెలుసా?"

తిడతాడనుకుని ఆవిడ రిసీవరు గట్టిగా పట్టుకుంది.

"తెలుసండీ. నా పక్కనే ఉంది" అన్నాడాయన. "రేపు కూడా చెయ్యండి."