కుర్తీ లోపలి కుట్లు

తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆఫీసులో వనజాక్షికి ఉద్యోగం. ఉద్యోగం కడుపు కోసం, ప్రాణం మాత్రం పాతకాలపు బట్టల మీద. రాజుల నాటి అంగరఖాలు, గుడి గోడల బొమ్మల్లో ఆడవాళ్లు తొడుక్కున్న రవికలు, దొరసానుల గౌన్లు, ఏదైనా సరే, పుస్తకాలు తిరగేసి, కొలతలు ఊహించి, చేత్తోనే కుట్టేది. ఆ కాలంలో మిషను లేదు కదా అని మిషను ముట్టేది కాదు. ఇల్లంతా నాటకాల కంపెనీ అయిపోయిందని మొగుడు రాఘవేంద్ర విసుక్కుంటే, నీకేం తెలుసులే అని నోరు మూయించేది. నిజానికి ఈ సంగతుల్లో ఆమెకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. చిక్కల్లా ఆ ముక్క ఆమెకూ తెలియడంతోనే వచ్చింది.

వెనక వీధిలో రోషన్ బీ టీచర్ ఉంటుంది. బడిలో వనజాక్షికి సోషల్ చెప్పిందీ, పాతకాలం మీద పిచ్చి ఎక్కించిందీ ఆవిడే. ఆవిడ దగ్గర ఒక ఆకుపచ్చ మఖమల్ కుర్తీ ఉంది, వాళ్ల అవ్వ పెళ్లినాటిది. వెనక నాడాలతో బిగించుకునేది కాబట్టి సన్నవాళ్లకూ లావువాళ్లకూ సరిపోతుంది. అవ్వ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత టీచర్, నిఖాకి అదే తొడుక్కున్నారు. ఇప్పుడు మనవరాలు షాహిదాకి పెళ్లి కుదిరింది.

"చేతుల కాడ జరీ ఊడిపోతాండాది. నీ చేతికైతేనే ఇస్తా," అని టీచర్ ఆ కుర్తీ తెచ్చి వనజాక్షి ఒళ్లో పెట్టింది. "దీనికి ఒక కథ ఉండాది వనజా. కూర్చో, చెప్తా."

"నాకు తెలుసు టీచర్," అంది వనజాక్షి, అప్పటికే కళ్లు కటింగు మీద పెట్టేసి. "ఇట్లాంటి చేతులు ఏ కాలానివో, యాడ నుంచి వచ్చినాయో అంతా చదివినా."

అని కథ తానే మొదలుపెట్టింది. టీచర్ బుద్ధిగా విని, నవ్వి, టీ ఇచ్చి పంపింది. చెప్పాల్సింది చెప్పనేలేదు.

ఇంటికొచ్చి కుర్తీ తిరగేస్తే వనజాక్షికి ఒళ్లు మండింది. పక్క కుట్టుకు అవతల, లోపల మిగిలిన గుడ్డ మీద, ఏ అవసరమూ లేని చోట దారాల వరసలు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపు, ఒకటి నల్లది. ఒక్కటీ తిన్నగా లేదు. పసుపుది మధ్యలో ముడి పడితే అక్కడే మళ్లీ మొదలెట్టారు. ఎవరో చేతకానివాళ్లు తర్వాత్తర్వాత వేసిన అతుకులు అనుకుంది. ఇంత మంచి బట్టకు ఇదేం ఖర్మ అని కూడా అనుకుంది.

జరీ పని తొందరగానే అయిపోయింది. ఆ పైన మొదలైంది ఎవరూ అడగని పని. ఆ వంకర దారాలన్నీ లాగేసింది. నమూనా గీసుకోవడానికి పక్క కుట్టు కూడా విప్పింది. సూది గుర్తులు కనబడకుండా మఖమల్‌కు వెనక నుంచి ఆవిరి పట్టింది. తర్వాత ఆ పక్క కుట్టునే తెల్ల పట్టుదారంతో, ఆనాటి పద్ధతిలో, ఒకే ఒక్క వరస గీత గీసినట్టు కుట్టింది. ముందెలా ఉందో, తర్వాతెలా ఉందో ఫోటోలు తీసి ఫోన్‌లో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో ఆమెకు అన్నం కూడా రుచిగా అనిపించింది.

పెళ్లి ముందురోజు పొద్దున కుర్తీని తెల్లటి పంచెలో చుట్టుకుని పోయింది. హాలు నిండా ఆడవాళ్లు. పెళ్లికూతురు చేతులకు ఇంకా గోరింటాకు పెట్టలేదు. ఆ చేతిలో నీలం దారం ఎక్కించిన సూది ఉంది. సూది ఎందుకో వనజాక్షి అడగలేదు. కుర్తీ విప్పి చూపించి, దాని వయసు, దాని కత్తిరింపు, తాను పడ్డ శ్రమ అంతా ఏకరువు పెట్టింది.

టీచర్ మురిసిపోతూ కుర్తీ అందుకుని తిరగేసింది. "చూడు షాహిదా, ఇది తొడుక్కునే ముందు పెళ్లికూతురు లోపల ఒక వరస కుట్టాల. ఎర్రది మా అవ్వది. పసుపుది మా అమ్మది. పాపం, ఆమెకు కుట్టు రాదు, ముడి పడితే ఏడ్చి మళ్లా..."

గుడ్డ మీద పోతున్న వేలు ఆగిపోయింది. రెండో పక్క చూసింది. మళ్లీ మొదటి పక్కకు వచ్చింది.

వనజాక్షి ఖాళీ పంచెను మడతలు పెట్టసాగింది.

"పాత కుట్లు యాడికి పోయినాయి వదినా?" అంది టీచర్ ఆడబిడ్డ ఆరీఫా.

దారాలు చీకిపోయినాయి అనే అబద్ధం వనజాక్షి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కన్నా ముందు టీచరే ఆ మాట అనేసింది.

"నేనే తీసేయమంటి. దారాలు చీకిపోయిండె."

పెద్దామె చెప్పింది కదా అని అందరూ తలలూపారు. వనజాక్షికి చెంపదెబ్బ తిన్నా ఇంత సిగ్గయ్యేది కాదు. అబద్ధం చెప్పిన పిల్లల్ని బడిలో గోడవైపు నిలబెట్టిన మనిషి, ఇప్పుడు తన పరువు కోసం అబద్ధం ఆడుతోంది.

టీచర్ లేచి వంటింట్లోకి పోతే వెనకాలే పోయింది.

"ఆ దారాలు దాచినావా?" టీచర్ ఇటు తిరగలేదు.

"చెత్తబండిలో ఏసినా టీచర్. నా కుట్టు ఇప్పుడే విప్పేస్తా."

"వద్దు. విప్పింది చాలు." టీచర్ గొంతు పెంచలేదు. "మా అమ్మది ఒక ఫోటో కూడా లేదు వనజా. ఆ ముడి ఒక్కటే ఉండె."

టీచర్ కళ్లు తుడుచుకుని హాల్లోకి పోయి కూర్చుంది. వనజాక్షి గడప దగ్గరే నిలబడిపోయింది.

షాహిదా కుర్తీ లోపలి వైపు ఒళ్లో పరుచుకుంది. "దాదీ, రేపు నా బిడ్డ అడిగితే ఈ తెల్ల కుట్టు ఎవరిదని చెప్పాల?"

"వనజాదని చెప్పు," అంది టీచర్. "మీ దాదీ కాడ చదువుకున్న పిల్ల అని చెప్పు."

ఇక వనజాక్షి వల్ల కాలేదు.

"కుట్టిందే కాదు షాహిదా. మీ దాదీ వాళ్లవ్వ కుట్టు, వాళ్లమ్మ కుట్టు, మీ దాదీ కుట్టు, అన్నీ లాగి పారేసింది కూడా నేనే. టీచర్ తీయమనలే. కథ చెప్తా కూర్చోమంటే నేను వినలే. అది కూడా చెప్పు."

టీచర్ కిందికి చూస్తూ కూర్చుంది. షాహిదా తల వంచుకుని సూది గుచ్చింది. కొంచెం పోయాక నీలం దారం ముడి పడింది. వనజాక్షి చెయ్యి అలవాటు కొద్దీ దాని మీదికి పోయింది.

"వద్దక్కా," అని షాహిదా కుర్తీని తన దగ్గరికి లాక్కుంది. "ముడి ఉండనీ."